మిరప ఘాటు

మంజుల బొంతను కాలితో పక్కకు నెట్టింది.

"ఛీ! మిరపకాయల ఘాటు! క్యాంపులో ఆదోని కాలేజీ వాళ్లందరి ముందర దీన్ని టెంటులో ఎట్లా పరచాల? స్లీపింగ్ బ్యాగ్ కొనియ్యి. కిలో బరువు గూడా ఉండదు."

"ఇది మాత్రం బరువా?" తల్లి సువార్తమ్మ బొంత ఎత్తి దులిపింది.

మంజుల ముక్కు మూసుకుంది. పాత చీరల బొంతకు ఒక మూల మూరెడు గుడ్డసంచి కుట్టి ఉంది.

"ఇదేంది మా?"

"గుంటూరుకు మిరపకోతలకు పోయినప్పుడు చేలో గుడారమే గదా మన ఇల్లు. దొర్లి తడినేల మీదికి పోతావని నిన్ను దీంట్లో పెట్టి పండబెడతాంటి."

మంజులకు ఆగకుండా తుమ్ములొచ్చాయి.

సువార్తమ్మ బొంత మడిచేసింది.

"అప్పుడు చుట్టూ మిరపకాయల కుప్పలే. నువ్వు ఒక్కసారి గూడా తుమ్మలేదు."