మెట్టుగూడ సిగ్నల్ దీపాలు

గ్రాంటు ఆఫీసరును వెంటబెట్టుకొని, మెట్టుగూడలో మేం నలుగురం నడుపుకుంటున్న రైల్వే మ్యూజియం తలుపు తీయగానే పెయింటు వాసన గుప్పుమంది.

వందేళ్లనాటి సిగ్నల్ దీపాలన్నీ ఎర్రగా మెరుస్తున్నాయి. వాటి మీద కార్మికులు గీసుకున్న పేర్లు, సంవత్సరాలు ఉప్పుకాగితం దెబ్బకు అరిగిపోయాయి.

"ఇవి కొత్తవి కదమ్మా! మేమిచ్చేది పాతవాటికి," అని ఆయన ఫైలు మూసుకొని వెళ్లిపోయాడు. ఈ గ్రాంటు రాకపోతే నెలాఖరుకు గది ఖాళీ చేయాలి.

ఏళ్లుగా జీతం లేకుండా ఆ దీపాలను కాపాడుతున్న రిటైర్డ్ గ్యాంగ్‌మన్ పర్వతాలు తాత చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"సార్ ఖుష్ అయిండా బిడ్డా?"

"ఏంది తాతా, గిట్ల చేసినవ్?"

ఆయన బిత్తరపోయాడు. "ఇన్‌స్పెక్షన్ ఉందని ఫోన్ల నువ్వే చెప్తివి గద! ముప్పై ఏండ్ల సర్వీసుల, రంగెయ్యకుండ ఒక్క ఇన్‌స్పెక్షనన్న పోనిచ్చిన్నా?"