బంగారం ముడుచుకోదు

బంతిని కొట్టబోతుండగా మాస్టారి గ్లవ్ ఫట్టున చిరిగింది.

"చూశావా! చెమటకి తోలు ముడుచుకుపోయింది," అన్నారాయన.

భార్య మంచినీళ్ళ సీసా అందించింది.

"గ్లవ్ ముడుచుకుంటుంది, బూట్లు బిగుసుకుంటాయి, గుమ్మాలు పక్కకి జరిగొచ్చి మీ భుజాల్ని గుద్దుతాయి. పాపం, లోకమంతా మీమీద కక్ష కట్టింది."

మాస్టారు భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవారు. ఆవిడ తపాలా కార్యాలయంలో పనిచేసి రిటైరైంది. అప్పుడప్పుడూ రెండు పెట్టెలు, ఒక గోల్ఫ్ సంచీ కారులో పడేసుకుని నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్ళిరావడం వారి అలవాటు. ఈసారి గోల్ఫ్ మైదానం అంచునున్న అతిథిగృహంలో దిగారు.

వేసవి సెలవుల్లో కూతురి కుటుంబంతో కలిసి మళ్ళీ ఇక్కడికే రావాలని అనుకున్నారు. మనవరాలికి ఆట నేర్పుతానని తాత మాట ఇచ్చారు. ఈలోగా తన చెయ్యి కుదరాలి. కుదరడం లేదు సరికదా, పక్కనే పడిన బంతి కూడా ఆయనకు కనిపించడం లేదు.

బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దావిడ లేచి వచ్చింది. పొట్టి జుట్టు, వెలిసిపోయిన స్వెట్టరు, చేతికర్ర.

"ఏదీ, ఆ చెయ్యి చూడనివ్వండి."

గ్లవ్ సంగతి కాబోలని మాస్టారు చెయ్యి చాపారు. ఆవిడ పట్టుకుని వదల్లేదు. తిప్పి చూసింది. వేళ్ళు ఒక్కొక్కటే నొక్కింది.

"చెమట ఎక్కువ పడుతుందా?"

"ఎండలో ఆడితే ఎవరికైనా పడుతుందమ్మా."

"గురక?"

భార్య నవ్వేసింది. "నిన్న పక్కగదివాళ్ళు గోడ తట్టారండీ!"

"తలనొప్పి?"

"ఈమధ్య ఎక్కువేనండీ."

"మీ పాత ఫొటో ఏదైనా దగ్గరుందాండీ?"

మాస్టారు చెయ్యి లాక్కున్నారు.

"తల్లీ, చెయ్యి చూపించుకోకండర్రా అని జీవితమంతా పిల్లలకి చెప్పినవాణ్ణి. వేరేవాళ్ళని చూసుకోండి."

"గీతలు నేను చూడనండీ. నేనెవరో చెప్ప..."

"అక్కర్లేదమ్మా. మీరెవరో నాకు అర్థమైంది."

ఆయన సంచీ భుజాన వేసుకుని నడిచారు. వెనకే కదిలిన భార్యతో ఆవిడ మెల్లగా అంది:

"ఆయన పాత ఉంగరం ఉంటే వేలికి పెట్టి చూడమ్మా. పట్టకపోతే ఊరికి వెళ్ళగానే తలకి స్కాన్ తీయించు. ఆలస్యం చెయ్యకు."

ఆ సాయంత్రం గదిలో మాస్టారు పాఠం మొదలుపెట్టారు.

"అదంతా ఒక పద్ధతి. అరవై దాటినవాడికి గురక ఉండదా, తలనొప్పి ఉండదా? చీకట్లో రాళ్ళు విసురుతారు. తగిలినవాటిని మనం గుర్తుపెట్టుకుంటాం, తగలనివి మరిచిపోతాం. అంతే. సోదెమ్మ!"

"ఆవిడ విసిరినవి అన్నీ తగిలాయి కదండీ."

"యాదృచ్ఛికం."

బిగుతుగా ఉందని ఆయన ఎప్పుడో తీసిచ్చిన ఉంగరం భార్య మెడలోని గొలుసుకే వేలాడుతోంది. విప్పి చేతిలో పెట్టింది.

"పెట్టుకోండి."

ఉంగరం వేలి కణుపు దగ్గరే ఆగిపోయింది.

"కాస్త ఒళ్ళు చేశాను."

ఆవిడ స్నానాలగదిలోని బరువు యంత్రాన్ని కాలితో తోసుకుంటూ తెచ్చింది. ఆయన ఎక్కారు. ముల్లు ఆయన ఎప్పటి బరువు దగ్గరే ఆగింది.

"గ్లవ్ ముడుచుకుందన్నారు, సరే, తోలు. బూట్లన్నారు, అదీ తోలే. బంగారం కూడా ముడుచుకుంటుందా, మాస్టారూ?"

ఆయన ఉంగరాన్ని ఇంకోసారి వేలికి తోసి చూశారు. రుజువు లేనిదే దేన్నీ ఒప్పుకోని మనిషి. రుజువు వేలికే అడ్డం పడ్డాక కాదనలేని మనిషి కూడా.

పొద్దున్నే ఇద్దరూ వాకబు చేసుకుని, అదే అతిథిగృహంలో దిగిన పెద్దావిడ గది తలుపు తట్టారు. దుప్పట్లు మారుస్తున్న అమ్మాయి తలుపు తీసింది.

"ఆ అమ్మగారా? ఇందాకే గది ఖాళీ చేసి వెళ్ళిపోయారండీ."

ఊరికి రాగానే పెద్దాసుపత్రికి వెళ్ళారు. డాక్టరు స్కాన్ చిత్రాన్ని వెలుతురుకు పెట్టి చూపించాడు.

"మెదడు అడుగున ఉండే చిన్న గ్రంథి మీద రేగుపండంత కణితి. చేతులూ పాదాలూ పెరుగుతున్నది దీనివల్లే. కంటి నరాన్ని కూడా నొక్కుతోంది. అందుకే పక్కనున్నవి మీకు కనబడట్లేదు. భయపడకండి, క్యాన్సరు కాదు. ముక్కులోంచి తీసేస్తాం. ఇంకా జాగు చేసుంటే మాత్రం చూపు పోయేది."

"వేసవికి ఆడగలనా? మనవరాలికి మాటిచ్చాను."

"బ్రహ్మాండంగా ఆడతారు. పెద్ద గ్లవ్ ఒకటి కొనుక్కోండి. పెరిగిన ఎముకలు మళ్ళీ తగ్గవు."



"రోజూ చూసే ఇంట్లోవాళ్ళకి ఈ మార్పు కనిపించదు సార్," అన్నాడు డాక్టరు. "ఇంత తొందరగా ఎవరు పట్టుకున్నారు?"

భార్య చెప్పింది, పొట్టి జుట్టు, వెలిసిన స్వెట్టరు, పట్టుకుంటే వదలని చెయ్యి.

"పేరు చెప్పబోతే ఈయన వింటేనా? సోదెమ్మ అన్నారు."

"దణ్ణాలు పెట్టే అలవాటు లేదు నాకు," అన్నారు మాస్టారు. "ఆవిడ కనిపిస్తే మాత్రం పెడతాను."

"దొరకరు సార్. పదవీ విరమణ చేశాక ఫోను కూడా పెట్టుకోలేదు. ఒక్కరే ఊళ్ళు తిరుగుతుంటారు."

"మీకు తెలుసా ఆవిడ?" అని అడిగారు మాస్టారు.

డాక్టరు మాస్టారి చేతిని తన చేతుల్లోకి తీసుకుని, తిప్పి చూసి, వేళ్ళు ఒక్కొక్కటే నొక్కాడు.

"ఇలా చూడటం మాకు నేర్పిన ప్రొఫెసరుగారే ఆవిడ," అన్నాడు, "వెనకాల మేమూ సోదెమ్మ అనే పిలిచేవాళ్ళం."