ముందు వరుసలో ఎర్రబూట్లు

చైనాలోని మా చోంగ్‌చింగ్ నగరంలో రాత్రిపూట కూడలిలో పాట మోగితే పై అంతస్తుల వాళ్లు గొడవకొస్తారు. అందుకని మేం ఆడవాళ్లం ఇయర్‌ఫోన్లలో పాట వింటూ చప్పుడు లేకుండా డాన్సు ఆడతాం.

కొండ ఊరి నుంచి మొదటిసారి వచ్చిన మా మేనల్లుడు రుయిఫెంగ్ నన్ను వెతుక్కుంటూ అక్కడికొచ్చాడు. చీకట్లో ఇంతమంది ఒక్కసారిగా చేతులెత్తేసరికి బిగుసుకుపోయాడు. బూట్లు నేలకు రాసుకోవడం తప్ప ఇంకే చప్పుడూ లేదు.

"దయ్యాలనుకున్నావా ఏంట్రా?" అని నవ్వి, వాడి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టాను. రెండో పాటకే మాతో సమానంగా అడుగులేస్తున్నాడు.

"అప్పుడే ఎలా పట్టేశావురా?"

"ముందున్న ఎర్రబూట్లావిణ్ణి చూసి వేస్తున్నా అత్తా. ఆవిడ చెవుల్లో మాత్రం ఏమీ లేవు."

మా ముందు ఖాళీ నేలే ఉంది. మాకు ఆట నేర్పిన టాన్ అక్క మొన్న చలికాలంలో పోయినప్పటి నుంచి ఆ చోట ఎవరమూ నిలబడం.

పక్కనున్న లియు వదిన కాసేపు ఆ ఖాళీ వైపే చూసింది. తర్వాత కళ్లు తుడుచుకుని ఫక్కున నవ్వింది.

"ఎడమకాలు సరిగ్గా వెయ్యి నాయనా. తప్పితే ఆవిడ ఊరుకోదు."

"ఇందాకే తిట్టింది," అన్నాడు వాడు, అడుగు ఆపకుండా.