గడప దగ్గర తుమ్ము

హరీశ్ కుడికాలు గడప దాటిందో లేదో, వాకిట్లోంచి తుమ్ము వినిపించింది.

ఒకటి కాదు. వరసగా.

“ఆగుండ్రి.” వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది సౌందర్య. “కూసొని గుక్కెడు నీళ్లు తాగి పొండ్రి.”

“నేను కూసుంట. మానుకోట రైలు కూసుంటదా?”

అంటూనే కూర్చున్నాడు. ఇన్నేళ్ల సంసారంలో అతను బాగా నేర్చుకున్నది అదొక్కటే.

ముందు గదిలో అద్దెకుంటున్న అక్బరీ బేగం, ఒక చేత్తో ఖాళీ బకెట్, ఇంకో చేత్తో ముక్కుకు అడ్డంగా కొంగు పట్టుకుని లోపలికి పోతోంది. కుట్టుమిషన్ పెట్టుకుని ఒంటరిగా బతికే పెద్దామె.

“బేగమ్మా, మనిషి బయటికి పోయేటప్పుడే తుమ్మాల్నా?”

“జర జలుబు బేటీ. మాఫ్ చెయ్యి.”

ఏడాదిగా అదే జలుబు, అదే మాఫీ.

నిజానికి పొద్దున్నే వరసగా వచ్చే తుమ్ముల సంగతి కేసముద్రంలో సౌందర్యకు తెలిసినంత ఎవరికీ తెలియదు. కూతురు తేజస్విని నిరుడు పొద్దున లేచింది మొదలు తుమ్మేది. ముక్కు కారేది, కళ్లు ఎర్రబడేవి. బడిలో కూర్చోలేక ఇంటికొచ్చేసేది.

మానుకోట డాక్టరు చూసి, “ఇది జలుబు కాదమ్మా, అలర్జీ. పిల్లకు దుమ్ము పడదు” అన్నాడు. “ఈ స్ప్రే రోజూ ముక్కులో కొట్టాలి, తుమ్మిన రోజే కాదు. దుప్పట్లు వేడినీళ్లలో ఉతకండి. దుమ్ముకు దూరంగా ఉంచండి. వదిలేస్తే ఆయాసంలోకి దిగొచ్చు.”

దుమ్ముకు దూరంగా అంటే ఇల్లు వదలాలి. ఆ ఇల్లున్నది మార్కెట్ యార్డు దారిలో. తెల్లారేసరికి మక్కజొన్నల లారీలు, ట్రాక్టర్లు వరస కడతాయి.

ఆ మాటే వాకిట్లో నిలబడి ఫోన్లో తల్లికి చెప్పుకుని ఏడ్చింది సౌందర్య. “దినాం గిదే దుమ్మమ్మా, పిల్లను యాడ దాసిపెట్టాలె?”

ముందు గదిలో బేగం మిషన్ చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

పిల్ల తేరుకుంది. స్ప్రే పని స్ప్రే చేసింది. మిగిలిన గొప్పంతా సౌందర్య తన ఉతుకుడుకే ఇచ్చుకుంది. కాస్త పంచాయతీకి కూడా పంచింది. గేటు లోపల తను ఊడ్చుకునేది గానీ, తను వంటింట్లోంచి బయటికొచ్చేసరికే గేటు బయట రోడ్డు ఊడ్చి, నీళ్లు చల్లి ఉండేది.

“పంచాయతి లచ్చమ్మ రోడ్డు ఎంత మంచిగ ఊడుస్తుందో సూసినవా, బేగమ్మా” అని ఒకసారి మెచ్చుకుంది కూడా.

“మంచిదే గద బేటీ” అని బేగం తుమ్మింది.

కూతురు తుమ్మితే అలర్జీ. బేగం తుమ్మితే అపశకునం. ఒకే కప్పు కింద ఈ రెండూ ఎలా ఇమిడాయో డిగ్రీ చదివిన సౌందర్యకు ఎప్పుడూ అనుమానం రాలేదు.

హరీశ్‌కు రావాల్సిన ప్రమోషన్ ఇంకెవరికో పోయిన రోజున, అంతా ఆ తుమ్ముల వల్లేనని సౌందర్య తేల్చేసింది.

“మా సుట్టాలొస్తున్నరు బేగమ్మా. ముందటి అర్ర ఖాళీ చెయ్యాలె.”

బేగం ఆమె ముఖంలోకి చూసింది. ఏ చుట్టాలని అడగలేదు.

మిషన్ ఆటో ఎక్కించాక మాత్రం వెనక్కి తిరిగింది. “పొద్దుగాల లారీలు వొయ్యేదాక బిడ్డ కిటికి తెరవకు బేటీ.”

పోతూ పోతూ కూడా పెద్దరికమే, అనుకుంది సౌందర్య.

చుట్టాలు రాలేదు. ఆ గదిలోకి పాత కూలర్ వచ్చింది.

కొద్ది రోజులకే తేజస్విని మళ్లీ తుమ్మడం మొదలుపెట్టింది. స్ప్రే అదే, ఉతుకుడు అదే. ఈసారి పడుకుంటే గుండెల్లో పిల్లికూతలు కూడా.

“ఇంట్లో ఏమైనా మారిందా అమ్మా?” అడిగాడు డాక్టరు.

“ఏం మారలే సార్.”

“దుమ్ము ఎక్కడినుంచో వస్తోంది. చూసుకోండి.”

ఇంటికొచ్చి కిటికీ గట్టు మీద వేలు పెడితే గీత పడింది. రోడ్డంతా మక్క పొట్టు, దుమ్ము. లచ్చమ్మ పని ఎగ్గొడుతోందని తిట్టుకుంటూ, మర్నాడు పొద్దున ముందు గది తలుపు వెనక దొరికిన చీపురు తీసుకుని తనే రోడ్డెక్కింది. చీపురు అరిగిపోయి పిడికెడే మిగిలింది.

నాలుగడుగులు ఊడ్చేసరికి సౌందర్యకు తుమ్ము వచ్చింది. వరసగా.

హరీశ్ బ్యాగుతో గడప మీద ఆగాడు. “ఇప్పుడు కూసోవాల్నా, పోవాల్నా?”

ఆమె జవాబు చెప్పేలోపు చెత్తబండి తోసుకుంటూ లచ్చమ్మ వచ్చింది.

“ఇన్నాళ్లు అద్దంలెక్క ఊడ్సినవు. ఇప్పుడేమైంది లచ్చమ్మా?”

“నేనా?” లచ్చమ్మ బండి ఆపింది. “నేను చెత్త ఎత్తుకపోనీకే వస్తనమ్మా. రోడ్డు ఊడ్సింది బేగమ్మ. నీ చేతుల ఉన్న చీపురు ఆమెదే.”

సౌందర్య చీపురు వంక చూసింది.

“ఆమెకూ దుమ్ము వడదు. ఊడ్సుకుంట గిట్లనే తుమ్మేది” అంది లచ్చమ్మ.

“బేగమ్మ ఫోన్ నంబరుందా నీ దగ్గర? రమ్మని చెప్త. సుట్టాలు... రాలేదని చెప్త.”

“ఇంకేడొస్తది. జఫర్‌గఢ్‌ల చెల్లె ఇంట్ల మంచం వట్టింది. తుమ్ములు వోయి దమ్ము లేసిందట, ఒకటే ఆయాసమట.”

హరీశ్ ఎవరూ చెప్పకుండానే గడప మీద కూర్చున్నాడు.

“పడనప్పుడు ఎందుకు ఊడ్సింది?” అడిగింది సౌందర్య.

“నేనూ గదే అడిగిన.” లచ్చమ్మ బండి ముందుకు తోసింది. “‘లోపల బిడ్డ పండుకుంది లచ్చమ్మా, అది తుమ్మాల్సినయి నేను తుమ్ముతున్న, గంతే’ అన్నది.”