తలా ఒక రాయి

నగరాధికారి నౌసిక్లీస్ కూతురు మెలిట్టాకు జ్వరం వచ్చి అది తొమ్మిదో రోజు.

ఐయోనియా తీరంలోని ఆ చిన్న నగరంలో అప్పటికే నలభై మంది పోయారు. నగరాధికారి ఇల్లని జ్వరం వెనుదిరగలేదు.

అపోలో ఆగ్రహించాడని పూజారి తేల్చాడు. థార్గేలియా పండుగనాడు ఊరి పాపాన్ని ఒకడి మీద మోపి, రాళ్లతో కొట్టి తరిమెయ్యాలన్నాడు.

ఆ ఒకడెవరన్నదానికి చర్చ అవసరం కాలేదు.

నెల కిందట కాలినడకన వచ్చిన ముసలివాడొకడున్నాడు. నా అన్నవాళ్లు లేరు. పొద్దంతా నది గట్టున తాడుతో ఏవో కొలతలు తీస్తాడు. వరదకు గట్టు తెగి, నీళ్లు పల్లంలో నిలిచి మురుగుతున్నాయనీ, జ్వరం అక్కడినుంచే వస్తోందనీ, గండి పూడిస్తే చాలుననీ సభలో మూడుసార్లు చెప్పాడు. నువ్వెవరివని అడిగితే, మాటను తూచండి గానీ మనిషిని కాదన్నాడు.

మూడుసార్లూ నవ్వారు.

"నదీదేవుడు తెంచుకున్న గట్టు పూడ్చమంటావా తాతా?" అన్నాడు కమ్మరి బ్రైసోన్. "ముందు నీ తెగిన చెప్పు కుట్టించుకో."

పాపం మోసేవాడు ఇష్టపడి మొయ్యాలన్నది ఆచారం. అందుకని నౌసిక్లీస్ స్వయంగా వెళ్లి అడిగాడు.

ముసలివాడు కొలత తాడు చుట్టి పక్కన పెట్టాడు.

"మీ అమ్మాయికి ఎలా ఉంది?"

"గుక్కెడు నీళ్లు కూడా దిగడం లేదు."

"సరే. గండికి అవతల నిలబడతాను. ఊళ్లో తలా ఒక రాయి తేవాలి. గులకరాళ్లు కాదు, రెండు చేతులతో ఎత్తేంతవి."

దైవకార్యంలో అతని శ్రద్ధను పూజారి సైతం మెచ్చుకున్నాడు.

పండుగనాడు అతనికి ఎండిన అత్తిపళ్లు, బార్లీ రొట్టె, జున్ను పెట్టారు. అత్తికొమ్మలతో కొడుతూ గట్టుదాకా నడిపించారు. నడుములోతు నీళ్లలో గండి దాటి, అవతల నిలబడ్డాడు.

బరువైన రాళ్లు. సగం దూరమైనా పోకుండా నీళ్లలో పడ్డాయి.

"ఇంతేనా మీ సత్తువ?" అన్నాడు ముసలివాడు. "ఏం బ్రైసోన్, తిత్తులూదడం తప్ప రాయెత్తడం రాదా?"

జనానికి రోషం వచ్చింది. పాత గోడలు విప్పి మరీ బండలు మోసుకొచ్చారు. మధ్యాహ్నందాకా విసిరారు.

రాళ్లు పేరుకొని నీటిపైకి లేచాయి. అప్పుడు గాని, వాటి మీదుగా నడిచివెళ్లిన బ్రైసోన్ విసిరిన బండ అతని నుదుటికి తగల్లేదు. పడిన చోటనే, మిగిలిన రాళ్లు అతని మీద పోశారు.

వేసవి ముగిసేలోపు పల్లం ఎండింది. కొత్తగా ఎవరూ మంచం పట్టలేదు. మెలిట్టా లేచి తిరుగుతోంది. నగరమంతా అపోలోకు కృతజ్ఞతా హోమం చేసింది.

శరత్కాలంలో తెయోస్ నగరం నుంచి ఒక నడివయసు మనిషి వచ్చి, ముందుగా నది గట్టు చూపించమన్నాడు. నౌసిక్లీస్ అతణ్ని వెంటబెట్టుకుని వెళ్లాడు.

ఆ మనిషి రాళ్లకట్ట మీద ఈ కొసనుంచి ఆ కొసకు నడిచాడు. ఒంగి, నీరు కారడం లేదని చూసుకున్నాడు. అతని మొహం విప్పారింది.

"మూడు నగరాల్లో జ్వరాన్ని ఇలాగే ఆపారండీ మా గురువుగారు, తత్వవేత్త టిమాండ్రోస్. మీ గండి పూడనిదే తిరిగి రానని బయలుదేరారు. పని పూర్తయింది కదా, ఆయన బస ఎక్కడ?"