గులాబీలకు పోసిన నీళ్లు

పైపుల మనిషి పాత రబ్బరు రింగులు ఎత్తుకుపోతున్నాడని పక్కింటావిడ చెప్పింది. ఆవిడకు తోడికోడలు చెప్పిందట. తోడికోడలు కళ్లారా చూసిందట.

"కొత్తవి కాదు వదినా, పాతవి! ఉబ్బిపోయి జిగురు జిగురుగా అయినవి. కాగితంలో చుట్టి మరీ జేబులో వేసుకుంటాడట. దండ గుచ్చుకుంటాడో ఏమో!"

టైలరమ్మ కుట్టు మిషను ఆపి నవ్వింది. నవ్వాక అనుమానం పట్టుకుంది.

ఆ మనిషి వీధిలోకి రావడం మొదలుపెట్టి రెండేళ్లయింది. ఎక్కడివాడో ఎవరికీ తెలియదు. అరవై దాటి ఉంటాయి. చేతుల నిండా పాత వెల్డింగు మచ్చలు. కూలి తక్కువ, మాట అంతకంటే తక్కువ. గేటు దగ్గర నేల తవ్వి, పైపు జాయింటులో రింగు మార్చి, పాతదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు.

అందుకే వీధి అతనికి రబ్బరాయన అని పేరు పెట్టింది.

ఈసారి అతను టైలరమ్మ గేటు ముందు తవ్వుతుంటే ఆమె కదలకుండా కాపలా నిలబడింది.

"ఆరు నెలల కిందటేగా మార్చావు! మళ్లీ ఉబ్బిందా? ఏం నాసిరకం వేస్తున్నావయ్యా?"

"తప్పు రింగుది కాదమ్మా, నేలది. పెట్రోలు తగిలితే రబ్బరు ఇలాగే ఉబ్బుతుంది. ఈ నీళ్లు తాగొద్దు. పార్కు వెనక కుళాయి మంచిది, అక్కడ పట్టుకోండి."

"పెట్రోలా? ఆ వాసన నా మిషను నూనెది!"

"మిషను నూనె ఇలా ఉండదమ్మా."

"ఇరవై ఏళ్లుగా మిషను తొక్కుతున్నాను. నూనె వాసన నువ్వు నేర్పుతావా నాకు?"

అతను గుమ్మంలో నిలబడ్డ టైలరమ్మ కోడలి వైపు ఒకసారి చూశాడు. ఆమెకు ఆరో నెల.

మర్నాటి నుంచి తెల్లారేసరికి గేటు దగ్గర పది లీటర్ల నీళ్ల డబ్బా ఉండేది.

"ఏం కలిపాడో ఏమో! మనింట్లోకి రానిస్తానా?" అని టైలరమ్మ ఆ నీళ్లు కొత్తగా తెచ్చుకున్న రెండు గులాబీ కుండీల్లో కుమ్మరించేది. కోడలు అత్తగారి కంటే ముందే లేచేది. వాకిలి ఊడ్చుకుని లోపలికి వచ్చేసేది.

నెల తిరిగేసరికి గులాబీలు మాడిపోయాయి. రెండూ.

టైలరమ్మకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఎండిన కొమ్మ పట్టుకుని గడప గడపకూ తిరిగింది.

"చూడండమ్మా! వాడి నీళ్లకు మొక్కే బతకలేదు. కడుపుతో ఉన్న పిల్ల తాగి ఉంటే?"

ఆ రోజుతో రబ్బరాయనను పిలిచే ఇల్లు లేకుండా పోయింది. డబ్బా మాత్రం వస్తూనే ఉంది.

ఒకరోజు అదీ ఆగింది.

"పీడ విరగడైంది వదినా" అంది పక్కింటావిడ.

మూడు వారాలకు వీధిలోకి లారీ వచ్చింది. వెనకాలే కాలుష్య నియంత్రణ ఆఫీసు నుంచి ఇంజనీరమ్మ వచ్చింది. సన్నని గొట్టాలు నేలలోకి దింపి, మట్టిని పైకి లాగి గాజు సీసాల్లో నింపారు. టైలరమ్మ గేటు ముందు తీసిన మట్టి నల్లగా ఉంది. వాసన గుప్పుమంది.

అది మిషను నూనె వాసన కాదు. టైలరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"మూల మీద ఫర్నిచరు షాపు ఉందే, అక్కడ ఒకప్పుడు పెట్రోలు బంకు. బంకు మూశారు గానీ భూమిలో ట్యాంకులు వదిలేశారు" అంది ఇంజనీరమ్మ. "ఒకదాన్ని తవ్వి చూశాం. తుప్పు పట్టకుండా పైన పూసిన తారు ఆరకుండానే పాతినట్టున్నారు, పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. తుప్పుపట్టి కారింది. మట్టిలోంచి నీళ్లలోకీ దిగింది. ఎవరూ ఈ నీళ్లు ముట్టుకోకండి. తాగినవాళ్లందరూ పరీక్షలు చేయించుకోండి."

"మీకెవరు చెప్పారమ్మా?" అంది పక్కింటావిడ.

ఇంజనీరమ్మ ఒక బిస్కెట్ల డబ్బా మూత తీసింది. నిండా ఉబ్బిన రబ్బరు రింగులు. ఒక్కోదానికి ఒక్కో చీటీ: ఏ ఇల్లు, ఎంత లోతు, ఏ తేదీ.

"ఆఫీసుకు పార్సిల్లో వచ్చింది. పెట్రోలు ఏ గుమ్మానికి ఎప్పుడు చేరిందో వీటిని బట్టే తెలిసింది. డబ్బా అడుగున, ట్యాంకులు ఎక్కడెక్కడున్నాయో గీసిన కాగితం కూడా ఉంది. సంతకం కోసం ఆ పైపులాయన గదికి వెళ్తే, చనిపోయి పదిహేను రోజులైందన్నారు."

టైలరమ్మ కోడలి పొట్ట వైపు చూసి గుమ్మంలోనే కూలబడింది.

"నా చేతులతో నేనే నీ చేత ఆ విషం తాగించానే తల్లీ!"

"తాగించలేదు అత్తయ్యా. తెల్లారకముందే ఆయన డబ్బా మన బిందెలో ఒంపుకుని, ఖాళీ డబ్బాలో మన కుళాయి నీళ్లు పట్టి పెట్టేదాన్ని. డబ్బా ఆగినప్పటి నుంచి మీ అబ్బాయి పార్కు కుళాయి నుంచి తెస్తున్నారు. ఆయన చెప్పినప్పటి నుంచి మనం తాగిందీ, వండుకుందీ ఆ నీళ్లే. గులాబీలకు మీరు పోసింది మన కుళాయి నీళ్లే."

పక్కింటావిడ కళ్లొత్తుకుంది.

"దేవుడే వదినా! ఆ రూపంలో వచ్చాడు, మనమే గుర్తుపట్టలేకపోయాం!"

"ఆ కాగితమే నాకు అంతుపట్టడం లేదు" అంది ఇంజనీరమ్మ. "మా ఆఫీసులోనే లేని ప్లాను ఆయనకెలా తెలుసు?"

"గేటు దగ్గర ఒకసారి అడిగితే చెప్పాడు" అంది కోడలు. "దేవుడూ కాదు, పాడూ కాదు పిన్నిగారూ. తారు ఆరకుండా ఆ ట్యాంకులు పాతింది ఆయనే."