ఒక్కటేగా తీసింది

"మళ్ళీ నల్ల తెరేనా?" గుమ్మంలోంచే అరిచాను.

మా ఆయన కీబోర్డును టపటపా బాదుతున్నారు. "లినక్స్‌లో రెండు డెస్క్‌టాప్ ప్రోగ్రాములు ఎందుకని, వాడనిదాన్ని తీసేశాను. ఒక్కటే! దాంతో లాగిన్ తెర కూడా పోయింది."

"దాని వెంట ఏమేం పోతాయో కంప్యూటర్ ముందే చూపిస్తుందిగా?"

"చాంతాడంత జాబితా! ఎవరు చదువుతారు? 'సరే' కొట్టేశాను."

నాకు ఒళ్ళు మండింది. ఒకప్పుడు ఆఫీసులో ఇలాంటి కంప్యూటర్లను చూసుకోవడమే నా పని.

"పెళ్ళయ్యాక నాచేత ఉద్యోగం మాన్పించినప్పుడూ ఇంతే. 'ఒక్క ఉద్యోగమేగా' అన్నారు."

టపటపలు ఆగాయి. ఆయన కుర్చీ మెల్లగా నావైపు తిరిగింది.

"దాని వెంట... ఏమేం పోయాయి?"

ఇన్నేళ్ళలో ఆయన అలా అడగడం ఇదే మొదటిసారి.

"చాంతాడంత ఉంది," అన్నాను. "చదవమంటారా?"